కాలేయంలో నేత

సకల జనుల సమ్మె రోజులు. జగిత్యాలలో బస్సుల్లేవు, కరెంటు లేదు. నేను పరీక్షించాల్సిన స్లైడ్లు చేసిపెట్టి మా ల్యాబు టెక్నీషియన్ సరిత కూడా ధర్నాకు పోయింది. ఏ అవయవంలోనైనా అసలు పని చేసే కణాలు వేరు, వాటిని పట్టి ఉంచే పీచు వేరు. సరితలాంటి వాళ్ళు పీచు. పీచు కూడా సమ్మె చేస్తుందంటే నాకు నవ్వొచ్చింది.

సాయంత్రం సిరిసిల్ల నుంచి కిష్టవ్వ వచ్చింది, కొంత దూరం ట్రాక్టరు మీద, కొంత నడిచి. ఆమె భర్త రాజేశం మరమగ్గం కార్మికుడు; మరమగ్గాన్ని వాళ్ళు సాంచె అంటారు. పొద్దున పోయాడట. బతికుండగా పరీక్షకు తీసిన అతని కాలేయం ముక్క నా దగ్గరే ఉంది.

"గా ముక్క ఇయ్యుండ్రి సారూ. మట్టి చేసేటప్పుడు ఆయన పక్కన పెడ్త."

"గోరంత ముక్క లేకుంటే నీ మొగడు సక్కగ పోడా?"

ఆమె గొంతు తగ్గించింది. "సగం నేసిన బట్ట ఇడిసిపెట్టి సాంచెకాడికెల్లి లేసెటోడు కాదు సారూ. ముక్క ఏడ ఇడిసిపెడ్తే ఆడికే అస్తడు..."

ఇలాంటి మూఢులతో మాట్లాడటమే దండగ. పొమ్మన్నాను. పోకుండా మెట్ల మీద కూర్చుంది.

కిటికీ వెలుతురులో మైక్రోస్కోపు అద్దం తిప్పి రాజేశం స్లైడు చూశాను. కాలేయ కణం ఒక్కటీ లేదు. అంతా పీచే. నిలువుగా, అడ్డంగా... పడుగూ పేకా.

సరిత చేతకానితనం అనుకున్నాను. ముక్క ఉన్న మైనం దిమ్మెను నేనే మళ్ళీ కోశాను. బ్లేడు బొటనవేలికి తగిలింది. రంగు ఎక్కించి చూశాను. అదే నేత, ఇంకా చిక్కగా.

పక్కనున్న స్లైడు కోరుట్లలో బీడీలు చుట్టే రుక్కమ్మ ఊపిరితిత్తి. నిన్న నేనే చూశాను, బాగానే ఉంది. ఇప్పుడు అందులోనూ... నేత.

గదిలో నూలుకు పట్టించే గంజి వాసన. టక్... టక్... టక్... కరెంటు లేదు. మగ్గం ఎక్కడ ఆడుతోంది?

చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, దిమ్మె పట్టుకుని మెట్ల దగ్గరికి ఉరికాను.

"తీస్కపో! నీ మొగన్ని తీస్కపో!"

కిష్టవ్వ అందుకోలేదు. నా చేతినే చూస్తూ మెల్లగా అంది.

"అద్దు సారూ. ఆయనకు ఇంకో సాంచె దొరికింది..."

వేలు చూసుకున్నాను. గాటులో నెత్తురు లేదు. తెల్లటి పోగు ఒకటి వేలాడుతోంది. చీదరగా దాన్ని పట్టి లాగాను.

కుడివైపు, పక్కటెముకల లోపల నుంచి... ఎవరో తిరిగి లాగారు.