రేవులో దిగేముందు

జకర్యా క్లాసుకి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు నోరు మూసుకుని వెనక బెంచీలో కూర్చుని ఉంటే ఈ కథే లేదు.

రాంగోపాల్‌పేట్‌లో ఒక టైర్ల షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది ఆ ఇన్‌స్టిట్యూట్. విదేశాల్లో తిరిగే క్రూజ్ షిప్పుల్లో వంటవాళ్ళుగా, వెయిటర్లుగా చేరబోయే కుర్రాళ్ళకి అక్కడ నెల రోజుల ట్రైనింగ్. జూలై నెల. బయట ఒకటే వాన. తడిసిన హెల్మెట్ చేత్తో పట్టుకుని, నీళ్ళోడుతూ గుమ్మంలో నిలబడ్డాడు జకర్యా.

బోర్డు దగ్గరున్న అమ్మాయి వాచీ చూసుకుంది.

"మీ ఓడ వెళ్ళిపోయింది," అంది.

"ఏందీ?"

"నాలుగింటికి క్లాసన్నాను. నాలుగుంబావుకి వచ్చారు. ఇప్పుడు మీరు రేవులో ఉన్నారు, ఓడ సముద్రంలో ఉంది. ఏం చేస్తారు?"

క్లాసంతా వెనక్కి తిరిగింది. ఇంతమంది చూస్తుంటే ఊరుకునే రకం కాదు జకర్యా.

"ప్యాట్నీ దగ్గర ఒక బస్సు పోతే ఇంకోటొస్తది కదా మేడం. గట్లనే ఇంకో ఓడ ఎక్కుతా."

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. కూర్చోమన్నట్టు బెంచీ చూపించింది.

ఆమె పేరు దేవకృప. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఇంచుమించు అతని వయసే. ఒక క్రూజ్ షిప్పులో ప్రయాణికుల పిల్లల్ని ఆడించే ఉద్యోగం కొన్నాళ్ళు చేసి వచ్చింది. ఓడ రేవులో ఆగినప్పుడు సిబ్బందికి నాలుగైదు గంటలు బయట తిరిగే సెలవు దొరుకుతుంది. ఆ నాలుగైదు గంటలు క్షేమంగా ఎలా తిరిగి రావాలో చెప్పడమే ఆమె పాఠం. బోర్డు మీద కరీబియన్ సముద్రం పటం చేత్తోనే గీసింది. దీవులన్నీ అటుకులు చల్లినట్టున్నాయి.

"ఒకమ్మాయి ఉండేది," అని మొదలుపెట్టింది. "మన ఊరమ్మాయే. ఒక దీవిలో ఒంటరిగా దిగింది. బజార్లో గడియారం చూసి ఇంకా గంట టైముందనుకుంది. దీవి టైము వేరు, ఓడ టైము వేరు. ఆ సంగతి మర్చిపోయింది. రేవుకొచ్చేసరికి ఓడ లేదు. బట్టలు ఓడలో, పాస్‌పోర్టు ఓడలో. చేతిలో ఒక కొబ్బరి చిప్పల దండ మాత్రం ఉంది, వాళ్ళమ్మకని కొన్నది."

"గా పిల్లకు దిమాగ్ లేదా మేడం?" అన్నాడు జకర్యా. "అంత దూరం పోయి టైము సుత చూస్కోదా?"

మళ్ళీ నవ్వులు. ఆమె చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఒక్క క్షణమే.

"లేదనే అనుకోండి," అంది. "మీకుందిగా. వాడండి."

క్లాసు అయ్యాక వాన తగ్గుతుందేమోనని మెట్ల కింద ఆగారు ఇద్దరూ. ఆమెది అల్వాల్, అతనిది కాప్రా. దారులు వేరైనా జకర్యా బండి తాళం చూపించాడు.

"దింపుతా మేడం."

"తెలియనివాళ్ళ బండి ఎక్కొద్దని గంటసేపు చెప్పాను. మీరు విన్నదేమిటి?"

"తెలియనోడినా! పేరు జకర్యా. ఇంట్ల అమ్మ, నేను, ఇద్దరమే. అమ్మ పేరు మేబెల్, హాస్పిటల్ల ఆయాగా చేస్తది. ఇంకేం కావాలె?"

"టైముకి రావడం కావాలి," అని గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయింది.

మర్నాడు జకర్యా పది నిమిషాలు ముందే వచ్చాడు. ఆ తర్వాత కూడా అంతే. ఆమె ఏం చెప్పినా ఎదురు మాట్లాడుతూనే ఉన్నాడు, కానీ నోట్సులో ఒక్క మాట వదల్లేదు. రేవులో ఓడ కంపెనీ తరఫున ఉండే ఏజెంటు నంబరు కాగితం మీద రాసి సాక్సులో పెట్టుకోమంది. ఐడీ కార్డు జిరాక్సు కూడా అక్కడే.

"సాక్సుల పెడితే వాసనొస్తది కదా మేడం, ఏజెంటు ఫోనెత్తుతడా?"

ఆ రోజు మొదటిసారి నవ్వింది. నవ్వు దాచుకుందామని బోర్డు వైపు తిరిగింది, కానీ భుజాలు కదిలాయి. జకర్యా ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు.

చివరి రోజున అందరికీ తన ఈమెయిల్ రాసిచ్చింది. "ఇబ్బంది వస్తేనే రాయాలని లేదు. బాగున్నామని రాసినా చాలు," అంది. అందరూ సరేనన్నారు. ఎవరూ రాయలేదు. జకర్యా మూడుసార్లు మొదలుపెట్టి, ఏం రాయాలో తోచక వదిలేశాడు.

*

నాలుగో నెలలో జరిగింది అది.

చిన్న దీవి. రేవు నిండా రంగురంగుల కొట్లు, పాటలు, ఎండ. జకర్యా తన క్యాబిన్‌లోనే ఉండే వరంగల్ కుక్కుతో కలిసి దిగాడు. అతని పేరు బ్రహ్మచారి, ఇద్దరు పిల్లల తండ్రి. బ్రహ్మచారి ఫోన్ బూత్ చూడగానే ఆగిపోయాడు.

"మా బిడ్డ బర్త్‌డే ఇయ్యాల. నువ్వు పో తమ్మీ, నేను మాట్లాడి ఓడకు పోత."

అక్కడే వెనక్కి తిరగాల్సింది. ఒంటరిగా తిరగొద్దని దేవకృప కనీసం పదిసార్లు చెప్పింది. కానీ కొండ మీద జలపాతం ఉందని వినివున్నాడు. నవ్వు మొహంతో ఒకాయన కారు ఆపి, టాక్సీ స్టాండు వాళ్ళకంటే తక్కువకి తీసుకెళ్తానన్నాడు. కారు మీద టాక్సీ అని ఎక్కడా లేదు. జకర్యా ఎక్కేశాడు.

అరగంట తర్వాత కారు జలపాతం దగ్గర ఆగలేదు. ఇళ్ళు లేని మట్టిరోడ్డు మీద ఆగింది. చెట్ల వెనక నుంచి ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో కత్తి.

జకర్యాకి ఒంట్లో రక్తం సర్రున లేచింది. కాప్రాలో కబడ్డీ ఆడిన ఒళ్ళు. వాళ్ళలో ఒకడు బక్కగా ఉన్నాడు, తోసేసి పరుగెత్తొచ్చు. కాళ్ళు సిద్ధంగా ఉన్నాయి. అప్పుడు చెవిలో ఆమె గొంతు వినిపించింది, అదే విసుగు, అదే స్పష్టత. "బ్యాగు అడిగితే ఇచ్చెయ్యండి. హీరో అవ్వొద్దు. మళ్ళీ కొనుక్కోగలిగినవన్నీ ఇచ్చెయ్యండి."

చేతులు పైకెత్తాడు. బ్యాగు ఇచ్చాడు, ఫోను ఇచ్చాడు, పర్సు ఇచ్చాడు. మెడలో సన్న గొలుసు అడిగారు. అదీ ఇచ్చాడు. ప్లాస్టిక్ వాచీని చూసి వద్దన్నారు. కారు దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. అమ్మ గుర్తొచ్చింది. కాసేపటికి లేచి నడిచాడు. దారి తప్పితే ఆడవాళ్ళు, పిల్లలు ఉన్న చోటికి వెళ్ళమంది దేవకృప. రెండు మైళ్ళ అవతల ఒక బడి కనిపించింది. పిల్లలు బయటికొస్తున్నారు. జుట్టు నెరిసిన టీచరమ్మ ఒకావిడ అతని మొహం చూడగానే ఏమీ అడక్కుండా మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తర్వాతే ఏం జరిగిందని అడిగింది.

సాక్సులోంచి కాగితం తీశాడు. చెమటకి తడిసినా అంకెలు ఉన్నాయి. ఆవిడే తన ఫోనులో ఏజెంటుకి చేసింది. ఏజెంటు నిజమైన టాక్సీని పంపిస్తానన్నాడు. ఆవిడ గోడ గడియారం చూపించి, కంగారు పడొద్దు, ఇంకా బోలెడు టైముంది, ఏదైనా తిని వెళ్ళమంది.

జకర్యా తన చేతి వాచీ చూసుకున్నాడు. దొంగలు వద్దన్న వాచీ. అది ఓడ టైములో ఉంది, గోడ గడియారం కంటే గంట ముందు.

"లేదమ్మా, టైము లేదు," అని తెలుగులోనే అనేశాడు. టాక్సీ రాగానే ఆవిడ చేతులు పట్టుకుని కళ్ళకి అద్దుకున్నాడు. ఆవిడకి ఆ పద్ధతి తెలియకపోయినా అతని తల నిమిరింది.

ఓడ మెట్లెక్కేసరికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. పైన రైలింగ్ పట్టుకుని నిలబడ్డ బ్రహ్మచారి అతన్ని చూసి ఏడ్చినంత పని చేశాడు.

ఆ సాయంత్రం మొదటిసారి ఈమెయిల్ రాశాడు జకర్యా. జరిగిందంతా రాసి, చివర ఇలా పెట్టాడు: "మేడం, ఆ రోజు క్లాసులో ఒకమ్మాయిని దిమాగ్ లేదన్నాను. తప్పయింది. మీరు చెప్పకపోతే నేనివాళ లేను. ఆమె ఎవరో తెలిస్తే నా తరఫున క్షమాపణ చెప్పండి."

రెండు రోజులకి జవాబొచ్చింది.

"చెప్పాను. క్షమించింది. ఆ అమ్మాయి నేనే."

కింద ఇంకొంచెం ఉంది. ఓడ వెళ్ళిపోయాక రేవులో చేపలమ్ముకునే ఒకావిడ తనని మూడు రోజులు ఇంట్లో ఉంచుకుందనీ, ఉద్యోగం పోయి తిరిగొస్తే ఇక్కడ బంధువులు ఆ మూడు రోజుల గురించి నానా మాటలూ అన్నారనీ, రెండు సంబంధాలు వచ్చి వెనక్కి వెళ్ళాయనీ రాసింది. "అందుకే పాఠం చెప్తాను. నా పేరు మాత్రం చెప్పను."

జకర్యా ఆ జవాబుని ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

ఆ తర్వాత ప్రతి రేవు నుంచీ ఒక మెయిల్ వెళ్ళేది. ఎవరితో దిగాడు, ఏ టాక్సీ ఎక్కాడు, ఎన్నింటికి తిరిగొచ్చాడు, అన్నీ అందులో ఉండేవి. ఆమె ఎర్ర పెన్నుతో దిద్దినట్టు జవాబిచ్చేది. "ఎండలో నీళ్ళ సీసా లేకుండా ఎందుకు తిరిగారు? అరమార్కు కట్." మార్కులు పెరుగుతూ వచ్చాయి. మే నెలలో కాంట్రాక్టు అయిపోయేటప్పటికి 'మేడం' పోయి 'దేవకృప గారు' వచ్చింది.

*

జూన్‌లో, ఒక మధ్యాహ్నం, కొత్త బ్యాచి క్లాసు తలుపు తట్టాడు జకర్యా. నాలుగింటికి పది నిమిషాలుంది.

"ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

ఆమె పక్కకి జరిగింది. జకర్యా తన కథ చెప్పాడు. కారు ఎక్కడం, కత్తి, చేతులెత్తడం, ఏదీ దాచలేదు. కుర్రాళ్ళు కొందరు నవ్వారు.

"నవ్వుండ్రి, పర్వాలేదు. నేను సుత గట్లనే నవ్విన. ఆ దినం నన్ను బతికించింది నా బలం కాదు, ఈ క్లాసు."

దేవకృప కిటికీ దగ్గర నుంచి బోర్డు ముందుకి నడిచింది.

"నేను చెప్పే కథలో ఒకమ్మాయి ఉంటుంది," అంది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "అది నేనే. ఓడ తప్పిపోయింది నాకే. ఇవాళ మొదటిసారి చెప్తున్నాను."

ఎవరూ నవ్వలేదు. ముందు బెంచీలో ఒకతను, "అప్పుడేం చేశారు మేడం?" అని మర్యాదగా అడిగాడు. ఆమె చెప్పింది.

మెట్లు దిగుతున్నప్పుడు జకర్యా అన్నాడు.

"మా అమ్మ మిమ్మల్ని చూడాలంటున్నది. థ్యాంక్స్ చెప్పనీకి."

"మీకు చెప్పాల్సిందేం లేదా?"

"ఉన్నది. జెర పెద్ద మాట. మీ నాన్నగారి ముందట చెప్త."

ఆమె ఒక మెట్టు తప్పి, గోడ పట్టుకుంది. "చూసి నడవండి," అన్నాడు జకర్యా. "అరమార్కు కట్."

ఆదివారం చర్చి అయ్యాక తల్లీకొడుకులు అల్వాల్ వెళ్ళారు. దేవకృప తండ్రి ఆర్థర్ బాపట్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయి మూడేళ్ళు. "వందనాలండి," అని కూర్చోబెట్టారు గానీ, మొహంలో బెరుకు పోలేదు.

"ముందే ఒక మాట చెప్పాలండి," అన్నారు ఆయన, చేతులు నలుపుకుంటూ. "మా అమ్మాయి ఓడ తప్పిపోయి మూడు రోజులు..."

మేబెల్ ఆయన్ని మాట పూర్తి చేయనివ్వలేదు.

"అంత తెలుసు సార్. కొడుకు చెప్పిండు. నేను పిల్లను చూడనీకి రాలేదు. చూసి వద్దనే తాహతు నాకెక్కడిది? నా ఒక్కగానొక్క కొడుకు కత్తి ముందట నిలబడి సుత ఇంటికొచ్చిండంటే ఈ బిడ్డ చెప్పిన మాటలే. దండం పెట్టనీకొచ్చిన."

అని నిజంగానే లేచి దేవకృప చేతులు రెండూ పట్టుకుంది. దేవకృప "అయ్యో ఆంటీ" అంటూనే ఆవిడ భుజం మీద తల పెట్టేసింది. ఆర్థర్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. చివరికి లేచి, "టీ పెడతాను," అని వంటింట్లోకి వెళ్ళారు. మేబెల్ ఆయన వెనకే వెళ్ళింది. ఆయనకి టీ పెట్టడం రాదని ఆవిడకి చూడగానే తెలిసిపోయింది.

వసారాలో ఇద్దరే మిగిలారు. తొలకరి మొదలైంది. జకర్యా గొంతు సవరించుకున్నాడు.

"ఆగస్టుల మళ్ళీ ఓడెక్కాలె. కాంట్రాక్టు వచ్చింది. నువ్వు వద్దంటే పోను."

'నువ్వు' అన్నాడని ఇద్దరూ గమనించారు. ఎవరూ దిద్దలేదు.

"వద్దనను," అంది దేవకృప. "సముద్రం మీద నాకేం కోపం లేదు. అక్కడ నాకు ఒకావిడ అన్నం పెట్టింది, నీకు ఒకావిడ నీళ్ళిచ్చింది." చూరు నుంచి కారే నీళ్ళవైపు చూస్తూ అంది. "నీ ఓడ ఏ రోజు ఏ రేవులో ఉంటుందో కంపెనీ సైటులో చూసుకునేదాన్ని. అక్కడ తుఫాను ఉందా, గొడవలేమైనా ఉన్నాయా అని పేపర్లన్నీ వెతికేదాన్ని. రోజూ, ఇంటర్నెట్ సెంటర్‌లో."

"టీచరువి కదా. స్టూడెంట్లందరికీ చూస్తవేమో."

"లేదు."

"మరి?"

"ఒక్కడికే."

మొట్టమొదటిసారిగా జకర్యాకి ఎదురు మాట దొరకలేదు. ఆమె అది చూసి నవ్వింది, ఈసారి ఎటూ తిరక్కుండా. తర్వాత వంటింటి వైపు చూసి, గొంతు పెంచి పిలిచింది.

"నాన్నా! ఆంటీ! ఇలా రండి. నేను ఒప్పుకున్నాను."

"ఆయన ఇంకా అడగలేదు కదమ్మా," అన్నారు ఆర్థర్, గరిట చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి.

"అడుగుతున్న సార్," అన్నాడు జకర్యా, లేచి నిలబడి. "ఇప్పుడే."