కప్పల గది గుమ్మం

"ఆగండి! సెంటు రాసుకున్నారా?"

మూడేళ్ల క్రితం, ఆ జూలో కోతుల్ని చూసుకోవడానికి కొత్తగా చేరిన ఆమెతో అతను అన్న మొదటి మాట అది. గోండ్రుకప్పల గది గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

"కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుందండీ. మీ సెంటు దానికి విషం."

"మా కోతులైతే ఈ వాసనకే పరిగెత్తుకొస్తాయి!" అంటూ గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి జూలో అందరికీ అతను కప్పల రాయుడు, ఆమె కోతుల రాణి. ఇద్దరికీ క్యాంటీన్లో రోజూ వాదనే.

"రెండూ అంతరించిపోతున్నవే, కాదనను. కానీ మా కోతిపిల్ల వేలు పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. మీ కప్ప రాయిలా కూర్చుంటుంది. ఈ మూడేళ్లలో ఒక్కసారైనా అరిచిందా?"

"వాన పడితే అరుస్తుంది. అది పిలిస్తేనే ఆడకప్ప వచ్చి గుడ్లు పెడుతుంది. దానికి వాన కురిసే గది కావాలి. మాకు మిగిలింది ఒక్క జంటే."

ఈ ఏడు కట్టే కొత్త గది ఒక్కటే. అది ఎవరికన్నది డైరెక్టరమ్మ మీటింగ్‌లో తేలాలి.

ఆమె ఫొటోలు చూపించి గడగడా మాట్లాడేసింది. అతని వంతు వచ్చేసరికి ఒట్టి చేతులతో లేచాడు.

"మా కప్ప అందంగా ఉండదు మేడమ్. దాని దగ్గర ఎవరూ ఆగరు. నేనూ ఆగకపోతే ఇంకెవరు..." అని కూర్చుండిపోయాడు.

ఆమె ఎవరూ అడక్కుండానే లేచి నిలబడింది. "గది కప్పలకే ఇవ్వండి మేడమ్. మావాళ్లు ఈ ఏడాది పాత గదిలోనే సర్దుకుంటారు."

బయటికొచ్చాక అతను మొహం ముడుచుకున్నాడు. "జాలిపడ్డారా?"

"పడ్డాను. కప్ప మీద," అని పచ్చి అబద్ధమాడింది.

గది పూర్తయింది. గొట్టాల్లోంచి వాన మొదలైన రోజు ఆమె గుమ్మం దగ్గరికొచ్చింది. అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టబోయి అతను ఆగిపోయాడు. ఏ వాసనా లేదు.

"సెంటు ఏమైంది?"

"మానేసి ఇరవై రోజులైంది. కోతులు అలిగాయి, తర్వాత రాజీకొచ్చాయి."

"ఎందుకు మానేశారు?"

"ఈ గుమ్మం దాటాలని."

లోపల ఇద్దరూ రాళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి రాళ్ల వెనకనుంచి బొంగురుగా ఒక అరుపు. ఆడకప్ప అటువైపు గెంతింది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మూడేళ్లకైనా నోరు విప్పింది. కొందరికంటే కప్పే నయం," అందామె.

చెవులదాకా ఎర్రబడి, గొంతు సవరించుకున్నాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"ఏమిటీ? వాన చప్పుడులో వినబడలేదు!"

ఈసారి కప్పకంటే గట్టిగా అరిచాడు.

"చేసుకుంటాను. కానీ పెళ్లిరోజు మాత్రం సెంటు రాసుకుంటాను," అందామె.