పచ్చచీరలో పత్తికొండ బస్టాండుకు

ఆ రోజు డోన్ స్టేషనులో నా చేతిలో ఉన్న అట్టముక్క మీద 'వెల్‌కమ్ మిస్ లవీనా వీరసామి, మారిషస్' అని మూడు రంగుల్లో రాసి ఉంది. రాసింది నేనే. హైదరాబాదు రైలు దిగినవాళ్లందరినీ మెడ సాచి చూస్తున్నాను. నా ఊహలో ఆమె పొడుగ్గా, తెల్లగా, చలువ కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని ఉంటుంది. నాకలా ఎవరూ చెప్పలేదు. ఫారిన్ అంటే అంతే అనుకున్నాను.

నా ముందు ఒక చామనఛాయ పిల్ల వచ్చి నిలబడింది. నూలు చుడీదారు, భుజాన గుడ్డసంచి, పక్కన పెద్ద సూట్‌కేసు. సరిగ్గా నా అట్టముక్కకు అడ్డం.

"ఏమ్మా, రోంత పక్కకు జరుగు. మాకు ఫారిన్ గెస్ట్ వస్తాండారు," అన్నాను.

"రానివ్వండి."

"నువ్వు అడ్డముంటే ఆమెకు బోర్డు ఎట్ల కనపడతాది?"

ఆమె జరిగింది. ఒక్కటే అడుగు. రైలు వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. నేను మా నాయనకు ఫోన్ చేసి, "ఆమె రాలేదు నాయనా," అని చెప్పేశాను.

"మీ గెస్ట్ రాలేదా అండీ?" అంది ఆ పిల్ల, ఎంతో జాలిగా.

"రాలేదమ్మా. ఫారినోళ్లు టైమంటే టైమ్ అంటారు గానీ, అంతా ఒట్టిది."

ఆమె నా చేతిలోంచి అట్టముక్క తీసుకుంది. తన గుండెల మీద పెట్టుకుని నాకెదురుగా నిలబడింది. "ఇప్పుడు కనపడుతోందా?"

దారి పొడుగునా నేను కారు అద్దంలోకి కూడా చూడలేదు. ఊరు దగ్గరపడ్డాక గొంతు సవరించుకుని, "సారీ అండీ. మీరు తెల్లగా ఉంటారనుకున్యా," అన్నాను.

"మా ముత్తాతగారి తాత చెరకు నరకడానికి ఓడెక్కాడండీ. రంగు మార్చుకోవడానికి కాదు," అంది లవీనా.

మూడు నెలలు మా ఇంట్లో ఉండి, టమోటా రైతుల మీద రిపోర్టు రాయడం ఆమె చదువులో భాగం. మా నాయన అనంతయ్యకు పత్తికొండలో విత్తనాల అంగడి ఉంది. తెలిసిన ప్రొఫెసరు ఒకాయన 'మంచి ఇల్లు కావాల అనంతయ్యా' అని అడిగితే, 'మా ఇంటి కంటే మంచిది యాడుండాది?' అని మా నాయన ఒప్పేసుకున్నాడు. నేను అదే అంగట్లో డ్రిప్ పైపుల పని చూసుకుంటాను. పేరు రాఘవేంద్రప్రసాద్. అందరికీ రాఘు.

వారం తిరక్కుండా లవీనా బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జి లేనిదే పొద్దున లేవను అనేదాకా వచ్చింది. ఆమె బడిలో తెలుగు చదువుకుంది. వాళ్ల దేశంలో తెలుగు చెప్పే బళ్లున్నాయట. మా అమ్మ శివకుమారి ఆమెను 'అమ్మణ్ణీ' అని పిలిచేది. నన్ను మాత్రం 'రేయ్' అనే పిలిచేది.

ఇక పండగ వస్తే చెప్పాల్సిన పని లేదు. ముక్కోటి ఏకాదశి నాడు మేమింకా దుప్పట్లలో ఉండగానే తలస్నానం చేసి వాకిట్లో నిలబడింది. "ఏం రాఘూ గారూ, వైకుంఠ ద్వారం మీకోసం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంచుతారా?" అని కిటికీలోంచి కేకేసింది.

శివరాత్రికి అందరం యాగంటి పోయాం. మెట్లమీద కూర్చుని ఉంటే చెప్పింది.

"మా ఇంటి దగ్గర శివరాత్రికి గ్రాండ్ బాసిన్ చెరువుదాకా నడుస్తాం. నేనూ, మా నాన్నా. భుజాన కావడి. రెండు రోజులు. దారంతా వాన."

"వానలో నడుస్తారా?"

"వాన మాకు కొత్తా? మీకైతే కొత్త."

"మాకూ వస్తాది. పోయినేడు రెండుసార్లు వచ్చె."

"ఆ రెంటికీ పేర్లు పెట్టుకున్నారా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. తర్వాత, ఎందుకో, అడిగాను. "కావడి మోస్తాంటే కార్లలో పొయ్యేవాళ్లు చూస్తారు గదా. సిగ్గనిపీదా?"

లవీనా నా వైపు తిరిగింది. "సిగ్గెందుకు? మావాళ్లు ఓడ దిగినప్పుడు వాళ్లకు ఇల్లు లేదు, పొలం లేదు. తమతో తెచ్చుకున్నది ఈ పండగలే. నూటయాభై ఏళ్లయినా మేం వాటిని వదల్లేదు. అది గొప్ప కాదూ?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గడ్డం కొంచెం పైకి లేచింది. ఆ నిమిషంలో ఈ పిల్ల మీద నాకు ప్రేమ పుట్టింది. దాన్ని వేరే పేరుతో పిలవలేను. కొండ దిగేటప్పటికి ఆమె నన్ను 'నువ్వు' అనడం మొదలుపెట్టింది. నేను ఇంటికొచ్చి ఆ 'నువ్వు'నే తలుచుకుంటూ అన్నంలో మజ్జిగకు బదులు నీళ్లు పోసుకున్నాను.

పదిహేను రోజుల్లో హోలీ. అక్కడ వచ్చింది నాకు చిక్కు.

మా అమ్మ పుట్టిన ఊరు ఆదోని దగ్గర. ఆ ఊళ్లో హోలీ పున్నమికి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి, రతీమన్మథుల గుడికి నైవేద్యం పళ్లెం ఎత్తుకుని పోతారు. కోరిక తీరినవాళ్ల మొక్కు అది. తాతల నాటి నుంచి ఉంది. మూడేళ్ల కిందట బైకు మీంచి పడి నా కాలు రెండు చోట్ల విరిగింది. కుంటు మిగులుతుందన్నారు. అమ్మ మొక్కుకుంది. కుంటు మిగల్లేదు. ఒక ఏడు జ్వరమన్నాను, ఒక ఏడు అంగట్లో పని అన్నాను. ఈసారి అమ్మ వినలేదు.

చీరలో నన్ను లవీనా చూస్తే? అందుకే అమ్మకు, "లవీనాకు రిపోర్టు పని ఉండాదంట, రాదంట," అని చెప్పాను. లవీనాకు ఇంకొకటి చెప్పాను.

"హోలీకి మేం అమ్మమ్మ ఊరికి పోతాండాం. మీరు... నువ్వు ఈడే ఉండు."

"నేనూ వస్తాను. నాలుగు రోజుల్లో వెళ్లిపోతాను కదా, ఇదే నా చివరి పండగ."

"అది ఇంటోళ్ల పూజ లవీనా. బయటోళ్లు రాగూడదు."

ఆమె చేతిలో మడత పెడుతున్న దుప్పటి ఆగింది. "నేను బయటిదాన్నా?"

"పూజకు... అంటే... అవును."

"సరేనండి," అంది. అంత కష్టపడి పోగొట్టిన 'అండీ' మళ్లీ వచ్చింది.

హోలీ రోజు పన్నెండు గంటలకు అమ్మమ్మ చెన్నమ్మ ఇంటి నడిమింట్లో నిలబడి ఉన్నాను. అమ్మ పెండ్లినాటి పచ్చ పట్టుచీర నా నడుముకు చుడుతున్నారు. పక్కింట్లో బెంగుళూరు ఇంజనీరొకాయన మీసం దువ్వుకుని ముక్కుపుడక సరిచేసుకుంటున్నాడు. వీధిలో ఒక లారీ డ్రైవరు గాజులు గలగలలాడిస్తూ భార్యను 'పూలు చాలవు, ఇంగ రెండు మూరలు పెట్టు' అని అడుగుతున్నాడు. ఊరంతా సంబరంగా ఉంది. నేనొక్కణ్ణే దిగులుగా ఉన్నాను.

"కడుపు లోపలికి పీల్చు మనవడా," అంది అమ్మమ్మ. "కట్టినంక సాయంత్రం పూజ అయ్యేదాకా ఇప్పగూడదు. గుర్తుండాదా?"

ఫోన్ మోగింది. చేతులకు గాజులు ఎక్కిస్తున్నారని అమ్మే స్పీకరు పెట్టింది. పత్తికొండ నుంచి, అంగడి కోసం అక్కడే ఆగిపోయిన మా నాయన.

"రేయ్ రాఘూ, ఆ పిల్ల సూట్‌కేసు సర్దుకుని బస్టాండుకు పోయింది రా! కర్నూలు బస్సు ఒకటిన్నరకు. ఇంగా రెండు మూడు దినాలుండాది గదమ్మా అంటే, 'పండగకు పనికిరాని బయటిదాన్ని, ఉండి ఏం చేయను అంకుల్' అంటాంది. కండ్లనిండా నీళ్లు. ఎవురన్న్యారు రా ఆ మాట?"

నేను గోడ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది.

"నువ్వేనా?"

తలూపాను.

"నీ కాలు కోసం నేను అంతమందిలో మోకాళ్లమీద పడి మొక్కితిని. నాకు రాలేదు సిగ్గు," అంది అమ్మ. "నీకు వచ్చె. ఆ సిగ్గు దాచుకునేకి, బంగారట్లాంటి పిల్లను గడప బయట నిలబెడితివి."

ఫోన్లో మా నాయన గొంతు మెత్తబడింది. "రాఘూ, నేనూ కట్టినా రా ఆ ఊళ్లో చీర. మీ యమ్మ నాకు దక్కినందుకు. ఈ పొద్దుకూ అది చెప్పుకునేటప్పుడు నాకు ఛాతీ పొంగుతాది."

"చీర ఇప్పేసి పోయొస్తా అమ్మా."

"ఇప్పితే మొక్కు పాయె. ఇప్పకపోతే మానం పోతాదనుకుంటాండావు. ఏది కావాలో నువ్వే చూసుకో."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు నాకు. మామ స్కూటీ తాళం అందుకున్నాను. మల్లెపూల మీద హెల్మెట్ పెట్టుకున్నాను. కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాను. దారిలో ఎదురొచ్చిన ఆటోలు రెండు రోడ్డు దిగి పక్కకు పోయాయి.

పత్తికొండలో ఈ ఆచారం లేదు. అది గుర్తొచ్చేసరికి టమోటా మార్కెట్టు ముందున్నాను. అడ్డం లారీ నిలబడి ఉంది, స్కూటీ పోదు. అవతలే బస్టాండు. దిగి, హెల్మెట్ తీసి, నడవడం మొదలుపెట్టాను. క్రేట్లు ఎత్తేవాళ్ల చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నా దగ్గర పైపులు కొన్న రైతులే సగం మంది. ఎవరో ఈలేశారు.

వ్యాపారి హుస్సేన్ సాహెబ్ కుర్చీలోంచి లేచాడు. "అరె రాఘూ! ఇదేమప్పా? నాటకమేమన్నా ఉండాదా?"

తల దించుకుని పోవచ్చు. యాగంటి మెట్ల మీద ఆమె గడ్డం ఎత్తిన తీరు మనసులో మెదిలింది. నిలబడ్డాను. అందరికీ వినపడేలా చెప్పాను.

"మా యమ్మ మొక్కు సాబ్. నా కాలు బాగయినందుకు. మా అమ్మమ్మ ఊళ్లో మగోళ్లు చీర కట్టి దేవుడి దగ్గరికి పోతారు. ఈ పొద్దు నా వంతు."

ఈల ఆగింది. హుస్సేన్ సాహెబ్ నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"తల్లి మొక్కా? అయితే దొర మాదిరి పో నాయనా. రేయ్, దారి ఇడవండి రా!"

దారి వదిలారు. ఆ ఇరవై గజాల నడక నా రెండు కాళ్ల మీద నేను నడిచిన వాటన్నిట్లో గొప్పది. అంతకు ముందు ఎప్పుడూ అంత నిటారుగా నడవలేదు.

లవీనా సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇదేమిటి?"

"ఇదే నేను దాచింది. నిన్ను వాళ్లకు చూపీకి సిగ్గుపడలేదు లవీనా. నన్ను నీకు చూపీకి సిగ్గుపడినా." ఆయాసంతోనే మొక్కు సంగతి మొత్తం చెప్పేశాను. "అబద్ధం చెప్పినా. తప్పయింది. బయటోళ్లెవరూ లేరు ఆ పూజకు. ఉంటే నేనే, మూడేండ్లుగా తప్పించుకుని తిరిగినోణ్ణి."

"ముప్ఫై కిలోమీటర్లు ఇలాగే వచ్చావా?"

"ఇలాగే."

"మార్కెట్లోంచి?"

"నట్టనడుమ నుంచే."

ఆమె కళ్లు తుడుచుకుంది. తర్వాత వంగి, బస్టాండు జనమంతా చూస్తుండగా, స్కూటీ మీద చెదిరిపోయిన నా కుచ్చిళ్లను ఒక్కొక్కటే సరిచేసింది.

"ఇంత గొప్ప పండగను దాచిపెడతావా? మా నాన్నకు తెలిస్తే ఈ ఊరు చూడ్డానికే టికెట్ కొంటాడు," అంది. "మా వాళ్లు దాటరాని సముద్రం దాటి కూడా పండగలు వదల్లేదు. నువ్వు ఇంటి దగ్గరుండి వదిలేస్తావా? నాకు కోపం పోలేదు, చెబుతున్నాను."

"ఎప్పుడు పోతాది?"

"పూజ అయ్యాక చూద్దాం. పళ్లెం నేను ఎత్తుకోవచ్చా?"

"ఎత్తుకో. నాకు ఇంకొక మాట చెప్పాల్సింది ఉండాది. నువ్వంటే నాకు శానా ఇష్టం. శివరాత్రి నుంచి చెప్పలేక చస్తాండా."

"చీర కట్టుకుని చెబుతున్నావు రాఘూ."

"ఈ పొద్దు నాకు ఏదైనా చెప్పే ధైర్యం ఉండాది."

కర్నూలు బస్సు వచ్చింది. కండక్టరు మా ఇద్దరినీ చూసి, ఎక్కుతారా అని అడగకుండానే రైట్ అనేశాడు.

సాయంత్రం అమ్మమ్మ ఊళ్లో డప్పుల మధ్య, వంద మంది చీరల మగవాళ్ల మధ్య నేను నడిచాను. పక్కన లవీనా పళ్లెం పట్టుకుంది. అమ్మ రెండు అడుగుల ముందు, వెనక్కు తిరిగి తిరిగి మమ్మల్ని చూసుకుంటూ, ఎదురొచ్చిన ప్రతివాళ్లకూ 'నా కొడుకు' అని చెప్పుకుంటూ పోయింది. గుళ్లో హారతి అయ్యాక లవీనా కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం కోరుకున్నావు?"

"చదువు ముగించి, వచ్చే హోలీకి మా అమ్మానాన్నలతో రావాలని. వచ్చి మీ ఇంట్లోనే ఉండిపోవాలని."

"మొక్కుకున్నావా?" అని అడిగాను.

"మొక్కుకున్నాను. కానీ ఇక్కడ ఆడవాళ్లు మొక్కితే మగవాళ్లే కదా చీర కట్టేది." గడ్డం పైకెత్తింది. "నా కోరిక తీరితే కట్టాల్సింది నువ్వే."

వెనక నుంచి అమ్మ, "పచ్చది చాలు అమ్మణ్ణీ, వచ్చే ఏటికి వీనికి ఎర్రది తీద్దాం," అంది.

"తీయమ్మా," అన్నాను. "జరీ అంచు రోంత పెద్దది చూడు."