అంటుకోని జబ్బు

కుమాసీ పట్నంలో ఆ పొద్దున పెరట్లో పొట్టిపీట వేసుకుని, కాళ్ళు చాపుకుని అఫ్రకోమా సిద్ధంగా కూర్చుంది. కూతురు బిరాగోకి తొలి కాన్పై తొమ్మిది రోజులు. అక్కడి ఆచారం ప్రకారం మూడు నెలలపాటు పసివాడికి నీళ్ళు పోయవలసింది అమ్మమ్మే. ఆవిడ పల్లె నుంచి వచ్చిందే అందుకు.

"పిల్లాణ్ణి ఇలా ఇయ్యవే, నీళ్ళు చల్లారిపోతున్నాయి."

బిరాగో ఇవ్వలేదు. తల్లి చేతుల నిండా, వీపు నిండా వేరుసెనగ గింజలంత నీటి బొబ్బలు. చితికినచోట పసుపు రసం కారుతోంది. ఆ వాసనకి కూతురు పిల్లాణ్ణి ఎత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"నిన్న క్రిమిమందు నీళ్ళతో, గరుకు వలపీచుతో గట్టిగా తోముకోమన్నానుగా!"

"తోముకున్నానే. చర్మం ఊడొచ్చింది."

"ఊడేది మురికిలే. నా బిడ్డకి అంటుకుంటే?"

బిరాగో అత్తగారైన కొనాడు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏ పాపం తగిలిందో గాని వదినగారూ, మా మనవణ్ణి ముట్టుకోకండి. మీరు ఫుఫూ ముద్ద తినే గిన్నె కూడా వేరే పెట్టించాను. ఏమీ అనుకోకండేం."

ఏమీ అనుకోకూడదట! పిల్లల పెళ్ళినాడు ఒకే గిన్నెలో చేతులు ముంచి తిన్న మనిషే ఈవిడ. బొబ్బల కన్నా ఈ మర్యాదే ఎక్కువ రోత పుట్టిస్తుంది.

"మనవడికి నీళ్ళు పొయ్యకుండా తిరిగెళితే ఊళ్ళో ముఖం ఎలా చూపించనే?" అంది అఫ్రకోమా.

"పద, అంటురోగమని డాక్టరు చేతే చెప్పిస్తాను," అంది బిరాగో.

చర్మం డాక్టరమ్మ అఫ్రకోమా చేతిని మెల్లగా తన ఒళ్ళో పెట్టుకుంది. "ఇంత ఘోరంగా ఎవరు తోమించారు?"

"నేనే తోముకున్నానమ్మా," అంది అఫ్రకోమా.

"ఏం మందులు వాడుతున్నారు?"

"షుగరు బిళ్ళలే. వాటికీ ఒంటికీ ఏం సంబంధం?" అంది బిరాగో. ఆమె మందుల కొట్టులో పనిచేస్తుంది. "పాతవి కడుపుకి పడలేదని ఏడు నెలల కిందట నేనే మార్చాను."

"డాక్టర్ని అడక్కుండానా? దురద ఎప్పటినుంచమ్మా?"

"ఐదు నెలలయింది," అంది అఫ్రకోమా.

"నాకెందుకు చెప్పలేదు?" బిరాగో అరిచింది.

"నువ్విచ్చిన మందు కదే. మంచిదే అనుకున్నాను."

డాక్టరమ్మ బిళ్ళల అట్ట తిప్పి చూసింది. "ఈ రకం మందుతో పెద్దవాళ్ళలో ఎప్పుడో ఒకరికి ఒంట్లోని రక్షణశక్తే చర్మం మీదికి తిరగబడి, ఒళ్ళు వాచి బొబ్బలెక్కుతుంది. నా అనుమానం అదే, పరీక్షలో తేలుతుంది. దీన్ని ఆపి షుగరుకి వేరేది ఇస్తాను, పూతమందు రాస్తాను. ఇది ఎవరికీ అంటుకోదు. ఆ తోముడు మాత్రం ఆపండి."

ఇంటికి రాగానే బిరాగో నీళ్ళు గోరువెచ్చగా కాచింది. "అమ్మా, వీపు ఇటు తిప్పు."

"వద్దే. నీకు అసహ్యం."

"అవును, వేస్తోంది. నీ మీదకన్నా నా మీద ఎక్కువ వేస్తోంది."

ఉత్త అరచేత్తో కడిగింది. పసుపు రసం వేళ్ళకి అంటింది. అయినా చేతిని వెనక్కి తీసుకోలేదు. వెక్కి వెక్కి ఏడుస్తూనే నీళ్ళు పోసింది.

"ఏడవకే, పచ్చి బాలింతవి," అంది అఫ్రకోమా. "అంత పైనుంచి పొయ్యకు, చెయ్యి అడ్డం పెట్టి పొయ్యి. ఆఁ, అలా. నా పుళ్ళు మానేదాకా నీ కొడుక్కి నువ్వే పొయ్యాలిగా, నా వీపు మీద నేర్చుకో."