సోఫా మీద పెళ్లి

నరసింగరావు గారిది రాజాంలో ధాన్యం వ్యాపారం. అరవై నిండిన మర్నాటి నుంచి ఆయన ఒళ్లు వంచడం మానేశారు. కదలనివాడే పెద్దమనిషని ఆయన నమ్మకం. మంచినీళ్లు కోడలు తేవాలి, చెప్పులు కొడుకు గోపి తేవాలి, వీధి చివర టీ కొట్టుకైనా ఆయన్ని స్కూటరే మోసుకుపోవాలి. ఇంట్లో దీనికి గౌరవమని పేరు.

అలాంటి మనిషికి ప్రేమ పుట్టింది. భార్య పోయాక ఆయన ఒంటరితనం నిజమే, దాన్ని వెక్కిరించకూడదు. మిగతాదంతా వెక్కిరించవచ్చు.

అనూరాధ ఆయనకి మరదలి వరస. భర్త పోయాడు. టీచరుగా రిటైరై ఈమధ్యే రాజాం వచ్చింది. పొద్దున్నే కాలేజీ రోడ్డు మీద చకచకా నడుస్తుంది. నరసింగరావు గారు కూడా ఆమెతో వాకింగ్ మొదలుపెట్టారు, స్కూటర్ మీద.

"బావా, నడిసేవోళ్ల పక్కన బండేటి?"

"తోడొస్తన్నాను కదా. నువ్వు నడు, నేను మాటాడతాను."

"గాలి నీకు, పొగ నాకా?"

ఓ రోజు సన్నటి వానలో స్కూటర్ ఆపి అసలు మాట అడిగేశారు. గోపి, కోడలు సరేనన్నారని కూడా చెప్పారు.

అనూరాధ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "పెళ్లంటే పీటల మీద కూకోవాల. కింద కూకుని లెగగలవా?"

"ఈ రోజుల్లో పీటలెవరికి? స్టేజీ మీద సోఫా ఏయిస్తాను."

"అయితే ఆ సోఫాకే తాళి కట్టు."

నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"మా ఆయనా నీలాగే దొరబాబు. ఆఖరికి మంచాన పడ్డాడు. లేపింది నేను, తిప్పింది నేను. మళ్లీ ఆ సాకిరీ నావల్ల కాదు బావా. ముసలితనం ఎవుడికైనా వస్తాది. దాన్ని పిలిసి కుర్సీ ఏస్తావేటి?"

నరసింగరావు గారు ఇంటికెళ్లి అలిగారు. అలగడానికి కదలక్కర్లేదు కాబట్టి అది బాగానే సాగింది.

తర్వాత ఓ మధ్యాహ్నం గది తలుపేసుకుని నేల మీద కూర్చున్నారు. లేవలేకపోయారు. కొడుకుని పిలవడానికి సిగ్గేసింది. పాక్కుంటూ వెళ్లి మంచంకోడు పట్టుకుని లేచేసరికి చెమటలు పట్టాయి. ఆ రోజు ఆయనకి నిజంగా భయమేసింది.

స్కూటర్ గోపికి ఇచ్చేశారు. నడక మొదలుపెట్టారు. నీళ్లు తనే తెచ్చుకుంటుంటే కోడలు ఏడ్చినంత పని చేసింది.

"మావయ్యా, నీళ్లు కూడా ఇవ్వనని ఊరంతా నన్నే అంతారు."

"అననీ. నాకు పెళ్లి కావాల."

వానాకాలం వెళ్లాక బొబ్బిలిలో చుట్టాలింట గృహప్రవేశం. నేల మీద భోజనాల బంతి వేశారు. వయసైన వాళ్లంతా టేబుళ్ల వైపు నడిచారు. నరసింగరావు గారు అనూరాధ పక్కనే కింద కూర్చుని, పెరుగన్నం దాకా తిన్నారు.

ఇక లేవాలి. ముఖం కందింది, మోకాళ్లు పటపటమన్నాయి, ఒక పక్కకి తూలారు. అనూరాధ చెయ్యి చాచలేదు, కానీ ఊపిరి బిగబట్టింది. ఆయన లేచారు.

"సెయ్యి నేలకి ఆనించేవు," అంది.

"ఒకటే కదా."

"సిగ్గు లేదూ, ఒకటే అని సెప్పుకోడానికి."

బంతి ఖాళీ అయిపోయింది. ఆమె మాత్రం కూర్చునే ఉంది.

"నాకు కాలు తిమ్మిరెక్కింది. అలా సూస్తావేటి? లేపు."

తిమ్మిరెక్కిన ముఖంలా లేదది. ఆయన చెయ్యి అందించారు. చేతులు కడుక్కునే చోటికి వెళ్లేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.