పనిచేయని దారి

ఉప్మాలోని జీడిపప్పులను చివరికని దాచుకుంటూ, మృదుల రెండో చేత్తో ఆ రోజు సెమినార్లను సారయంత్రంలోకి పంపుతోంది. కంప్యూటర్ సైన్స్ పరిశోధక విద్యార్థి గంటసేపు చెప్పాల్సిన ప్రసంగాన్ని అది గుక్కెడు సారంగా పిండి, హాల్లో కూర్చున్నవాళ్ల చెవిపూసల్లోకి దించుతుంది. ఎవరూ నోరు విప్పరు. తలలూపి లేచిపోతారు. సెమినార్ల నిర్వహణ చూసే మృదుల ఒక్కోదానికీ పచ్చగీత వచ్చిందో లేదో చూసుకోవాలి, అంతే.

ఫిరోజ్ ప్రసంగానికి గీత రాలేదు. తెర మీద ‘సారం: శూన్యం’ అని పడింది.

గుమ్మంలో నిలబడ్డ ఫిరోజ్ కూడా అది చూశాడు. "ఇంకోసారి వేసి చూడక్కా."

"వేశాను తమ్ముడూ. నీ అల్గారిథం పనిచేయలేదని నువ్వే రాశావుగా. దాన్ని అది పిప్పి కింద తీసేస్తుంది."

"పనిచేయదని తేల్చడానికే రెండేళ్లు పట్టిందక్కా."

శూన్యం వచ్చిన సెమినార్ ముగిసిందని నమోదైతే సాయంత్రానికి ఆ విద్యార్థి పరిశోధన సీటు పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"కొత్త చొక్కా వేసుకొచ్చాను," అన్నాడు ఫిరోజ్, నవ్వబోతూ. "వీడ్కోలు ఫోటోకి పనికొస్తుందిలే."

అతని కాలరుకు దుకాణంవాళ్ల గుండుసూది ఇంకా అలాగే ఉంది. మృదుల లేచి దాన్ని మెల్లగా తీసింది. తర్వాత సారయంత్రంలో సారం పిండే మీట ఒక్కటీ దించేసింది.

"పద. నోటితో చెప్పు."

హాల్లో అందరూ చెవిపూసలు తీయాల్సి వచ్చింది. ముందు వరుసలోని సాటి పరిశోధకుడు దాలినాయుడు గొణిగాడు. "ఏటి మృదులా, గంటసేపు ఇనాలా?"

"విను బావా, చెవులున్నది అందుకే."

ఫిరోజ్ మార్కరు తీసుకున్నాడు. పెద్ద నెట్‌వర్కును ముక్కలు చేయడం, ముక్కలు పెరిగేకొద్దీ ఒకదాని లెక్క ఇంకోదానితో పొసగకపోవడం, అన్నీ బోర్డు మీద గీసి చూపించాడు. దాలినాయుడు ముందుకు వంగాడు.

"ఆగాగు. నానూ ఏడాదిగా అక్కడే ఇరుక్కున్నాను. నా తప్పే అనుకున్నాను."

"నేనూ అక్కడే," అంది వెనకనుంచి ఒకమ్మాయి.

ఎవరి పిప్పి ఎవరికీ వినిపించలేదు మరి. అందుకే అందరూ ఒకే గోతిలో వంతులవారీగా పడుతున్నారు. ప్రశ్నలు మొదలయ్యాయి. దాలినాయుడు బోర్డు దగ్గరికే వెళ్లి మార్కరు లాక్కున్నాడు.

హాల్లో మృదుల ఎదుట ఉన్న సారయంత్రం తెర వెలిగింది. ‘సమయం దాటింది. తరువాతి సెమినార్లు ఆగిపోయాయి. ఇది ముగిసిందా?’

ముగియని సెమినార్‌ను తూచడం దానికి చేతకాదు. తన వంతు కోసం వరండాలో నిలబడ్డ కుర్రాణ్ణి మృదుల లోపలికి పిలిచి కుర్చీ చూపించింది. ఆ తర్వాత ‘లేదు’ అని నొక్కింది.