చదువుల పట్టికలో చివరి లైను

"ఈ డిగ్రీ ఎవరిది?"

గొడుగు ముడవకుండానే లోపలికొచ్చి, ఆమె రెజ్యూమెను కౌంటరు మీద చరిచింది. గొడుగు నీళ్ళు టపటపా కీబోర్డు మీద రాలాయి.

టైపు షాపు అతను ముందు కీబోర్డును, తర్వాత ఆమెను చూశాడు. "ఏ డిగ్రీ అండీ?"

"నేను చేరని డిగ్రీ. చేరకుండానే మానేసిన డిగ్రీ. మీరు టైపు చేసిన డిగ్రీ!"

మూలన లామినేషన్ మెషీన్ దగ్గర కూర్చున్న అతని తల్లి కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఏమైందమ్మా?"

"మీ అబ్బాయి నా ఉద్యోగం పోగొట్టాడండీ. ఇంకా రాకముందే!"

నాలుగు రోజుల కిందట వాళ్ళ మొదటి గొడవ కూడా ఈ రెజ్యూమె మీదే జరిగింది. నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో అసిస్టెంటు ఉద్యోగం కోసం ఆమె తన చదువులన్నీ వరసగా రాసుకొచ్చింది. పదో తరగతి, ఇంటర్, ల్యాబ్ డిప్లొమా.

"తిరగేయాలండీ," అన్నాడతను. "చివరి చదువు పైన ఉండాలి."

"నేను పదో తరగతి నుంచి పైకి చదివాను. డిప్లొమా నుంచి కిందికి కాదు."

"నిజమే. కానీ చూసేవాళ్ళు పది సెకన్లే చూస్తారు. అదీ పైనున్నదే చూస్తారు."

అతను చెప్పింది సరైనదే. ఆమెకు కోపం వచ్చిందీ అందుకే. కానీ ఆమె చదివిన ఊరి బడి పేరును అతను పొట్టి చేయకుండా పూర్తిగా టైపు చేశాడు. మార్కుల శాతాన్ని రెండుసార్లు సరిచూశాడు. అది ఆమె గమనించింది. ఆ రోజే ఆఖరి తేదీ కావడంతో ప్రింటు తీయకుండానే మెయిల్ పంపించారు. చదువుల పట్టిక అడుగున, రెండో పేజీలోకి జారి, లేత బూడిద రంగు చిన్న అక్షరాల్లో మిగిలిపోయిన లైను మాత్రం ఇద్దరూ చూడలేదు.

ఇవాళ ఇంటర్వ్యూలో ల్యాబ్ మేడమ్ చూసింది. దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది.

"డిప్లొమా చదివిన ఏళ్ళలోనే డిగ్రీలో చేరి మానేశావా? అబద్ధం రాసినా ఏళ్ళు కుదిరేలా రాయాలమ్మా," అంటూ కాగితం వెనక్కి నెట్టింది.

ఇప్పుడు ఆ ఎర్ర సున్నాను చూసి అతని ముఖం పాలిపోయింది.

"పాత ఫైలు మీద కొత్తవాళ్ళ వివరాలు టైపు చేస్తామండీ. పేరు మార్చి, చదువులు మార్చి..."

"ఎవరి పాత ఫైలు?"

అతను కీబోర్డు మీది నీళ్ళు తుడవసాగాడు.

"చెప్పరా," అంది తల్లి.

"నాదండీ."

"మూడేళ్ళుగా ఎంతమందివో దాని మీదే తయారయ్యాయమ్మా," అంది తల్లి. "వాడిది మాత్రం ఒక్కసారీ గడప దాటలేదు."

"ఇంతవరకూ ఎవరి కాగితంలోనూ ఆ లైను మిగల్లేదండీ," అన్నాడతను. "ఎప్పుడూ గుర్తుపెట్టుకుని తీసేస్తాను. ఆ రోజు మీరు ఎదురుగా కూర్చుని పోట్లాడుతున్నారు..."

"అంటే తప్పు నాదా?"

"కాదండీ, నా కళ్ళది. స్క్రీను మీద ఉండాల్సినవి."

 ఆమెకు కోపం రెట్టింపైంది.

"పదండి ల్యాబ్‌కి. అది మీదని మీ నోటితోనే చెప్పాలి."

"ఫోన్లో చెబితే..."

"నన్ను ఫోన్లో అడగలేదు. నలుగురి ముందు అడిగారు!"

అతను తన రెజ్యూమెను ప్రింటు తీశాడు. అది కాగితం మీదికి రావడం అదే మొదటిసారి.

దారంతా వాన. ఉన్నది ఒకటే గొడుగు. దాన్ని ఆమె పూర్తిగా తన మీదే పట్టుకుంది. అతను పక్కన తడుస్తూ, ఆ కాగితాన్ని మాత్రం చొక్కాలోపల దాచుకుని నడిచాడు.

మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. అంచులు తడిసినా అక్షరాలు చెదరలేదు.

"ఆ లైను నాది మేడమ్. ఈవిడ కాగితంలో తీసేయడం మర్చిపోయాను. తప్పు నాది."

"డిగ్రీ ఎందుకు మానేశావు?"

"నాన్న పోయారు. షాపు మూతపడకూడదనుకున్నాను."

"మరి అడుగున, అంత చిన్న అక్షరాల్లో ఎందుకు దాచావు? సిగ్గా?"

అతను తలొంచుకున్నాడు. పక్కనున్నవాళ్ళెవరో నవ్వారు.

"అది మీకు అనవసరం మేడమ్!"

ఆ మాట అన్నది తనే అని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఇక ఆపలేకపోయింది. "ఆయన ఉద్యోగం అడగడానికి రాలేదు. ఇంత వానలో తడుస్తూ నిజం చెప్పడానికొచ్చారు. నవ్వడానికేముంది ఇందులో?"

 ఉద్యోగం ఈసారి నిజంగానే పోయిందనుకుంది ఆమె.

మేడమ్ చెయ్యి చాచింది. "నీ సర్టిఫికెట్లు ఇవ్వు."

ఒక్కొక్కటీ రెజ్యూమెతో సరిచూసింది. ఎర్ర సున్నా ఉన్న లైనును అడ్డంగా కొట్టేసి సంతకం పెట్టింది.

"సోమవారం తొమ్మిదింటికి రా. ఆ కోపం నా గాజుసీసాల మీద మాత్రం చూపించకు."

తిరిగి వస్తున్నప్పుడు గొడుగు సగం అతని మీదికి జరిగింది. కోపం మాత్రం జరగలేదు.

"చివరి చదువు పైనుండాలని అందరికీ పాఠాలు చెబుతారు. మీది మాత్రం అడుగున దాచుకుంటారా?"

"పైన పెట్టడానికి ఏముందండీ? సగం చదువు."

"మిగతా సగం ఎవరొచ్చి చదువుతారు? మీ కస్టమర్లా?"

షాపులోకి రాగానే ఆమె అతని కుర్చీలో కూర్చుని, అతని ఫైలు తెరిచింది. ఒంటి వేలితో వెతుక్కుంటూ డిగ్రీని పట్టికలో పైకి తెచ్చింది. అక్షరాలు పెద్దవి చేసి నల్లరంగు పెట్టింది. 'మానేశాను' అన్న మాట చెరిపేసింది.

"అక్కడేం రాస్తారు?" అన్నాడతను.

"ఇప్పుడేమీ రాయను. మీరు మళ్ళీ చేరాక 'చదువుతున్నాను' అని రాస్తాను. అబద్ధాలు టైపు చేయడానికి నేను మీలాంటిదాన్ని కాదు."

"చేరకపోతే?"

"చేరేదాకా రోజూ సాయంత్రం వచ్చి పోట్లాడతాను."

"చేరాక రారా?"

కీబోర్డు మీద ఆమె వేలు ఆగిపోయింది. బయట వాన కూడా ఆగినట్టుంది. అతని గొంతులో ఎగతాళి లేదు.

"రండి," అన్నాడు మెల్లగా. "పోట్లాడటానికైనా సరే. ఆ నాలుగు రోజులూ తలుపు చప్పుడైనప్పుడల్లా మీరేననుకున్నాను."

ఆమె అతనివైపు చూడకుండా స్క్రీను కిందికి జరిపింది. అడుగున ఇంకో లైనుంది. 'వివాహం: కాలేదు.'

ఈలోగా అతని తల్లి ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన తడి కాగితాన్ని చీర చెంగుతో అద్ది, మెషీన్ దగ్గరికి తీసుకెళ్ళింది. "వాడిది మొదటిసారి బయటికెళ్ళొచ్చింది. లామినేషన్ చేసి దాచుకుంటాను."

"వద్దండీ!" ఆమె విసురుగా లేచింది. "అందులో మారాల్సిన లైన్లున్నాయి."

"ఎన్నమ్మా?"

ఆమె అతన్ని కోపంగా చూసింది. చెవుల దాకా ఎర్రబడింది.

"రెండు."

తల్లి మెషీన్ స్విచ్చి ఆపేసింది.